అద్దం మీద కొబ్బరినూనె

పోయిన వారం మనం హేమని ప్రాణం పోయిన కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం. ఆ పిల్లని అలా వదిలేయడానికి మనసెలా ఒప్పిందని అడిగినవాళ్ళున్నారు. ఒప్పలేదండీ. పేజీ అయిపోయింది.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. హేమ బండారులంకలో చీరలు నేసే బంగారయ్య కోడలు. పెళ్ళికి ముందు అమలాపురంలో కంప్యూటరు కోర్సు చేసింది. ఆ చదువు మూలన పడకూడదని, అంచులకీ కొంగులకీ డిజైన్లు గీసుకుంటుందని, మొగుడు ఉదయ్ మస్కట్ వెళ్ళిన మొదటి ఏడే ఇంట్లో కంప్యూటరు పెట్టించాడు. దానికే కెమెరా తగిలించి మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నారు. ఉదయ్ వెళ్ళడం బంగారయ్యకి మొదట్నుంచీ ఇష్టం లేదు. మగ్గం వదిలి వెళ్ళిపోతున్న కొడుకుతో, "ఎల్తే ఎల్లు. అక్కడ చేతకాక తిరిగొచ్చి మాత్రం నా గుమ్మం తొక్కకు" అన్నాడు. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదాయన.

ఇక శుక్రవారం సాయంత్రం జరిగింది ఇదీ. తెర మీద మసకమసకగా కనబడుతున్న ఉదయ్, చెబుతున్న కబురు మధ్యలో ఆపేసి, "హేమా, నీకొక సంగతి చెప్పాలి" అన్నాడు. గొంతు గరగరలాడింది. అది ఏడుపో, స్పీకరు జబ్బో తెలియలేదు. "చెప్పండి" అంది హేమ. "ఇప్పుడు కాదు. మంగళవారం దీపాలవేళకి వస్తాను. అప్పుడు..." అంతే, తెర నల్లబడిపోయింది. మళ్ళీ మీట నొక్కితే కుయ్ కుయ్‌మని కూసి ఊరుకుంది తప్ప కంప్యూటరు లేవలేదు.

ఇవాళ మంగళవారం.

మాట మధ్యలో తెగిపోవడం ఇది మొదటిసారయితే హేమ అంత బెంగ పెట్టుకునేది కాదు. వినాయక చవితి దాటిన దగ్గర్నుంచీ ఇదే వరస. అంతకుముందు సెలవు రోజని ఒక్క శుక్రవారాలే వచ్చేవాడు. ఇప్పుడు డ్యూటీలు మారాయంటూ ఏ రోజు పడితే ఆ రోజు వస్తున్నాడు. వచ్చినవాడు సరిగ్గా కనబడడు, సరిగ్గా వినబడడు. ఏదైనా గట్టిగా అడిగేసరికి తెగిపోతుంది. మర్నాడు అడిగితే "నువ్వే ఆపేశావు కదా" అంటాడు. నేనెందుకు ఆపేస్తానండీ అని ఈవిడ. ఇద్దరి మధ్యా మాటలు తగ్గి, మర్యాదలు పెరిగాయి. మొగుడూ పెళ్ళాల మధ్య మర్యాదలు పెరిగాయంటే ఏదో చెడిందనే అర్థం.

నన్ను వదిలించుకుంటున్నాడు. మాఘంలో వస్తానన్నవాడు ఆ ఊసే ఎత్తడం లేదు. ఆ చెప్పాల్సిన సంగతి ఇదే అయ్యుంటుంది. నాలుగు రాత్రులుగా హేమ నమిలి నమిలి మింగుతున్న ముద్ద ఇది. అందుకే పొద్దున్న లేస్తూనే ఒక నిర్ణయానికి వచ్చింది. ఆయన చెప్పేదేదో చెప్పనీ. కానీ చెబుతున్నప్పుడు ఆయన మొహం నాకు స్పష్టంగా కనబడాలి. గొంతు స్పష్టంగా వినబడాలి. తర్వాత ఏడవడానికైనా అనుమానం లేకుండా ఏడుస్తాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మామగారు వరండాలో మగ్గం గుంటలోకి దిగాడు. హేమ చీర కుచ్చిళ్ళు బొడ్డులో దోపుకుని నేల మీద పాత దుప్పటి పరిచింది. స్క్రూడ్రైవరు, రంగులు వేసుకునే మెత్తటి బ్రష్షు, పెన్సిలు రబ్బరు, దూది, మామగారి సైకిలు పంపు తెచ్చి పెట్టుకుంది. గోడకున్న ప్లగ్గు పీకేసి, వెనకాల తీగలు ఒక్కొక్కటే విప్పింది. సీపీయూ పెట్టెని బల్ల కిందనుంచి లాగి దుప్పటి మీద పడుకోబెట్టి, పక్క రేకు ఊడదీసింది.

లోపల చూసి, "అయ్యబాబోయ్" అంది పైకే.

మగ్గం ఆడే ఇంట్లో గాల్లో నూలు నూగు తేలుతూనే ఉంటుంది. అన్నంలో పడుతుంది, తలలో పడుతుంది, ఆ ఇంట్లో దాన్నెవరూ పట్టించుకోరు. అది పెట్టెలోకి దూరి, ఫ్యాను రెక్కల మధ్య పరుపు పరుచుకుని కూర్చుంది. ఎరుపు నూలు, ఆకుపచ్చ నూలు, పోయినేడు నేసిన నెమలికంఠం రంగు కూడా ఉంది. ఏ నెలలో ఏ చీర నేశారో ఆ పొరలు చూసి చెప్పేయొచ్చు.

హేమ ఊపిరి బిగబట్టి బ్రష్షుతో మెల్లగా దులుపుతుండగా వీధిలోంచి అత్తగారు మాణిక్యం గొంతు వినబడింది.

"ఆయ్, ఇంక జన్మలో ఆ వీర్రాజు బస్సెక్కను. చీరల మూట ఒళ్ళో పెట్టుకుంటానంటే టాపు మీద పడేయమంటాడా? పైగా ఆ గొంతొకటి! గంగిరెద్దులవాడి సన్నాయికీ వాడి గొంతుకీ తేడా లేదు. 'అమలాపురమో... అమలాపురం' అని దీర్ఘం తీసీ తీసీ నా చెవులు చిల్లులు పొడిచేసేడు."

మాణిక్యం వారానికి ఒకటి రెండు సార్లు కొత్తపేట కొట్లకి చీరలు వేసి వస్తుంది. వెళ్ళినప్పుడల్లా కండక్టర్ వీర్రాజుతో తగువు పడుతుంది. వాడు ఒక్కరోజు కనబడకపోతే ఒంట్లో బాగోలేదేమోనని అడుగుతుంది కూడా. మూట గుమ్మంలో దించి లోపలికి తొంగిచూసిన మాణిక్యం అక్కడే కొయ్యబారిపోయింది.

"ఏటమ్మాయ్ ఇది! దాని కడుపు కోసేసేవేటి?"

"శుభ్రం చేస్తున్నానండీ అత్తయ్యగారూ."

"శుభ్రం నేను చేత్తానే ఉన్నాను కదా, రోజూనూ?"

హేమ పంపు గొట్టం ఫ్యాను వైపు తిప్పి, "కొంచెం కొట్టండి, మెల్లగా" అంది. మాణిక్యం పైట బిగించి పంపు కొట్టింది. నూగు మేఘంలా లేచింది. ఇద్దరూ తుమ్మారు. పెట్టె అడుగున లేతపసుపు గుడ్డపీలిక ఒకటి గాలి రంధ్రాలకి అతుక్కుపోయి కనబడితే హేమ లాగి చూసింది. జరీ పోగు ఉంది. అత్తగారు స్వయంగా కుట్టిన ముసుగు తాలూకు పీలిక. నేతలో దెబ్బతిన్న చీర ముక్కతో, అంచు చుట్టూ వచ్చేలా, పెట్టె కొలత చూసుకుని కుట్టింది. మానిటరుకొకటి, పెట్టెకొకటి.

"అత్తయ్యగారూ, ఈ ముసుగు ఎప్పుడెప్పుడు వేస్తున్నారండీ దీనికి?"

"ఎప్పుడూ వేసే ఉంచుతాను. బల్ల కింద కాళ్ళ దగ్గర ఉంటది కదా, దుమ్ము పడిపోద్ది."

"అది నడుస్తున్నప్పుడు కూడానా? ఆయనతో మాట్లాడుతున్నప్పుడు?"

"అప్పుడైతే మరీని. నువ్వు తెర చూసుకుంటా ఉంటావు. నేనే వంగి కప్పేత్తాను."

హేమ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఈ ఊపిరాడని పెట్టె, నూగుతో ముక్కు మూసుకుపోయి, పైన ముసుగు కప్పుకుని, కాసేపటికల్లా వేడెక్కిపోయి దానంతటదే ఆగిపోతోంది. ఇన్నాళ్ళూ మాట తెగింది అటునుంచి కాదు. ఆయన కాదు తెంపింది. ఆ సంగతి తెలిసేసరికి గుండె మీది బరువు కొంచెం జరిగి, ఆ జరిగిన చోట ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళ మౌనాలు, ఇన్నాళ్ళ అనుమానాలు ఒక చీరముక్క వల్లా!

"నడుస్తున్నప్పుడు కప్పకూడదండీ. దానికి గాలి కావాలి. గాలి ఆడక అది చచ్చి ఊరుకుంటోంది, నేనేమో మీ అబ్బాయి కోపగించుకుని ఆపేస్తున్నారనుకుంటున్నాను."

"నాకేం తెలుసమ్మా. చంటిపిల్లల్ని కప్పి పడుకోబెట్టినట్టే అనుకున్నాను" అని గొణిగింది మాణిక్యం.

హేమ కోపం మాటల్లోకి రాకుండా పని మీద పెట్టింది. లోపలి మెమరీ ముక్కని క్లిప్పులు నొక్కి బయటికి తీసి, బంగారు రంగు పళ్ళు మెరిసేదాకా పెన్సిలు రబ్బరుతో రుద్దింది. కోర్సులో మాస్టారు నేర్పిన కిటుకు ఇది. నూటికి తొంభై కూతలు ఆ రుద్దుడుతో పోతాయనేవారు. కీబోర్డు బోర్లించి తడితే జంతిక ముక్కలు, నువ్వులు, దారం కొసలు, ఒక రవిక హుక్కు రాలాయి. మౌసు బొడ్డు తిప్పి లోపలి బంతి తీసి, ఇరుసుల మీద చుట్టుకున్న మురికిని అగ్గిపుల్లతో గీకింది. ఆ తర్వాత మానిటరు దగ్గరికి వచ్చింది.

ముసుగు తీసి, కిటికీ వెలుతురు పడేలా అటూ ఇటూ తిప్పింది. అద్దం మీద తెల్లగా ఏదో పొర ఉంది. వేలితో గీస్తే వేలు జారింది. గీత పడ్డ చోట అద్దం నల్లగా, శుభ్రంగా కనబడింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

కొబ్బరినూనె.

మంచి గానుగ నూనె. దాని మీద నూగు వచ్చి పడి, మళ్ళీ నూనె పడి, మళ్ళీ నూగు పడి, అద్దం కాస్తా చలికాలం పొద్దుటి పొగమంచులా తయారైంది. ఈమధ్య గీస్తున్న డిజైన్ల గీతలు కూడా అలికేసినట్టు కనబడుతుంటే కళ్ళజోడు పడే వయసొచ్చిందేమోనని భయపడింది తను. సాయంత్రాలు తను మొహం కడుక్కుని వచ్చేసరికి అత్తగారు మానిటరు తుడుస్తూ కనబడేది. పొడిగుడ్డనుకుంది. నూనెగుడ్డని కలలో కూడా అనుకోలేదు.

"ఇదీ మీ పనేనా?" అంది. గొంతు తనకే తెలియకుండా లేచిపోయింది. "ఎందుకండీ ఇలా చేశారు? ఇది కుంకుమ పెట్టుకునే పెట్టా, రోకలిబండా? నూనె రాసి మెరిపించడానికి? ఇన్ని నెలల్నుంచీ నేను ఆయన మొహం సరిగ్గా చూడలేదు తెలుసా మీకు? చిక్కిపోయారో, నవ్వుతున్నారో, అబద్ధం చెబుతున్నారో ఏదీ తెలియక చస్తున్నాను!"

కాపరానికి వచ్చినప్పటినుంచీ అత్తగారిని ఒక్కమాట అనలేదు హేమ.

మాణిక్యం గోడకి జారగిలబడి కూర్చుంది. కాసేపు తన అరచేతులు తనే చూసుకుంది.

"పెట్టె మెరవడానికి కాదమ్మా" అంది చివరికి. "వాడి మొహానికి రాసేను."

హేమకి అర్థం కాలేదు.

"వాడు వెళ్ళిన కొత్తలో ఓరోజు తెరలో చూసేను. పెదాలు పగిలిపోయి, మొహం ఎండిపోయి, బూడిద పూసినట్టున్నాడు. ఎడారిగాలి కదా. ఇక్కడున్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మాడు మీద నూనె పెట్టి, ఆ చేత్తోనే మొహానికీ రాసేసేదాన్ని. పెళ్ళయ్యాకా మానలేదు, నువ్వే నవ్వేదానివి. అక్కడ వాడికెవరు పెడతారు? నువ్వు మొహం కడుక్కోడానికెళ్తావు, వాడింకా రాడు. తెర ఖాళీగా ఉంటది. వాడి మొహం ఎక్కడికొత్తాదో నాకు తెలుసు కదా. గుడ్డకి నాలుగు చుక్కలు వేసి అక్కడ రాత్తాను. వచ్చేక చూత్తే..." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "వచ్చేక చూత్తే నున్నగా, మెత్తగా కనబడేవాడమ్మా. గీతలన్నీ పోయి, చిన్నప్పటి మొహంలాగ. కోలుకున్నాడు పిల్లాడు అనుకునేదాన్ని."

హేమకి ఇందాకటి కోపం ఎటు పోయిందో వెతికినా దొరకలేదు. తనకి అబద్ధంలా కనబడ్డ మసకే ఈవిడకి కొడుకు ఆరోగ్యంలా కనబడింది. ఇద్దరూ ఒకే అద్దంలోకి చూస్తూ ఒకరు కావలసింది, ఒకరు భయపడ్డది చూసుకున్నారు. దగ్గరికి వెళ్ళి అత్తగారి పక్కన చతికిలబడింది.

"గట్టిగా అరిచేశాను. తప్పయిపోయింది అత్తయ్యగారూ."

"నువ్వు అరవకపోతే ఇంకెవరు అరుత్తారు" అంది మాణిక్యం, కోడలి తలలో పడ్డ నూగు ఏరుతూ. "అదీ... ఇంకోటి కూడా చెప్పేయనా? మళ్ళీ తిడతావేమో."

"చెప్పండి."

"ఆ గుండ్రపు కన్నుంది చూడు, కెమేరా. దానికి దిష్టిచుక్క పెట్టేను. అందరి కళ్ళూ నీ మీదే పడతన్నాయని."

హేమ లేచి కెమెరా చేతిలోకి తీసుకుంది. అద్దం ఓరగా, సగం మేర, కాటుక పూసి ఉంది. "నీ మొహంలో సగం ఎప్పుడూ చీకటిగా ఉంటోందేంటి హేమా, దీపం దగ్గర కూర్చోవచ్చు కదా" అని ఉదయ్ ఎన్నిసార్లు అడిగాడో గుర్తొచ్చి, నవ్వు ఆగక అక్కడే కూలబడింది. కోడలు నవ్వడం చూసి మాణిక్యం నవ్వింది. వరండాలో మగ్గం ఒక్క క్షణం ఆగి, ఏమిటీ గోల అన్నట్టు ఖంగుమని దగ్గి, మళ్ళీ ఆడింది.

గిన్నెడు నీళ్ళలో షాంపూ చుక్క కలిపి, మెత్తటి పాత పంచె ముక్క ముంచి గట్టిగా పిండి, ఇద్దరూ కలిసి అద్దం తుడిచారు. హేమ తడిగుడ్డతో ముందు, మాణిక్యం పొడిగుడ్డతో వెనక. మొదటి తుడుపుకి జిడ్డు అలుముకుంది. రెండో తుడుపుకి కదిలింది. ఆ తర్వాత అద్దంలో అత్తాకోడళ్ళ మొహాలు రెండూ కనబడ్డాయి. కెమెరా కాటుకని దూదితో తుడిచింది హేమ. స్పీకరు పిన్నుకి దూదితో స్పిరిటు పూసి రుద్ది, పెట్టి తీసి పెట్టి తీసి చూసింది. తీగలన్నీ ఎక్కడివక్కడ బిగించింది. ముసుగులు మడత పెట్టి బీరువాలో దాచేసింది. మాణిక్యం వాటివైపు జాలిగా చూసింది.

మీట నొక్కబోతూ హేమ కళ్ళు మూసుకుంది. ఒక్క కూత. ఒక్కటే, పొట్టిగా. ఫ్యాను సన్నగా, హాయిగా తిరిగింది. తెర వెలిగింది.

"లేచిందా?" అంది మాణిక్యం.

"లేచిందండీ."

"నా తల్లే" అంది ఆవిడ, పెట్టెని ఉద్దేశించో కోడల్ని ఉద్దేశించో తెలియలేదు.

బల్ల కింద యూపీఎస్ పచ్చదీపం వెలుగుతోంది. దాని బ్యాటరీ ఉబ్బి పోతే, అమలాపురంలో తనతో కోర్సు చదివిన శారోన్ నిన్ననే ఒక వాడిన బ్యాటరీ తెచ్చి వేసింది. "కరెంటు పోతే నాలుగు మాటలకి ఆగుతుందే, కాపరం చేసేంత ఆగదు" అని నవ్వి వెళ్ళింది. అంతకుముందు కరెంటు పోతే కంప్యూటరూ పోయేది.

దీపాలవేళయింది. హేమ మొహం కడుక్కుని, పొద్దుటి చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. వెనకాల మాణిక్యం నిలబడింది. అలవాటు కొద్దీ చేతిలో నూనెగిన్నె ఉంది. హేమ చూసిన చూపుకి, "రాయనులే, ఊరికే పట్టుకున్నాను" అంది.

ఉదయ్ వచ్చాడు.

ఎన్నాళ్ళకి చూసింది ఆ మొహం! కుడి కనుబొమ మీది మచ్చ కనబడుతోంది. చెంపలు లోపలికి పోయాయి. గడ్డంలో రెండు తెల్లవెంట్రుకలు కూడా ఉన్నాయి. కళ్ళ కింద నలుపు. ఈ మనిషి నన్ను వదిలించుకుని సుఖపడుతున్న మనిషి కాదు అని మొదటి చూపులోనే తెలిసిపోయింది హేమకి. తెలిశాక భయం ఇంకో రకంగా మొదలైంది.

"హేమా..." అన్నాడు ఉదయ్. అటుపక్క అతను కూడా మాట మర్చిపోయినట్టున్నాడు. "నీ మొహం మొత్తం కనబడుతోందీవేళ."

"మీదీను" అంది హేమ. గరగర లేదు. పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది గొంతు. వెనకాల ఎక్కడో కాకి అరుపు కూడా వినబడింది.

"మస్కట్లో కాకులుంటాయేట్రా?" అంది మాణిక్యం వంగి.

"ఉంటాయమ్మా. బోలెడు" అన్నాడు ఉదయ్, చూపు పక్కకి తిప్పుకుంటూ.

"ఎంత చిక్కిపోయేవురా నాయనా" అంది ఆవిడ.

హేమ కుర్చీ ముందుకి జరుపుకుంది. నాలుగు రాత్రులు కూడబెట్టుకున్న మాట ఇది. అత్తగారు వెనకే ఉంది, ఉండనీ. "మీరు చెప్పాల్సింది తర్వాత చెబుదురుగాని. ముందు నేనొకటి అడుగుతాను. నేనంటే మీకు విసుగొచ్చిందా? వచ్చిందంటే చెప్పేయండి. ఈవేళ నాకు అన్నీ సరిగ్గా కనబడుతున్నాయి, వినబడుతున్నాయి. తట్టుకుంటాను."

ఉదయ్ కళ్ళు పెద్దవయ్యాయి. "విసుగా? నీ మీదా?" చెయ్యి పైకెత్తి మొహం రుద్దుకున్నాడు. "పిచ్చిపిల్లా. నిన్ను చూడ్డానికే కదా నేనింకా..."

కరెంటు పోయింది.

ఇంట్లో దీపం, ఫ్యాను, వీధిలో దీపాలు, ఎదురింటి టీవీ, అన్నీ ఒక్కసారే పోయాయి. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది, శారోన్ పుణ్యమా అని. హేమ ఆ వెలుగులోకి చూసింది.

తెరలో కూడా చీకటి.

ఉదయ్ నెత్తి మీద ఇందాకటిదాకా తెల్లగా వెలిగిన ట్యూబులైటు ఆరిపోయింది. చీకట్లో అతని మొహం ఒక్కటే, ఎదురుగా ఉన్న తెర వెలుగు పడి, నీలంగా కనబడుతోంది. ఇక్కడ హేమ మొహం మీద పడుతున్నది కూడా అదే వెలుగు. బల్ల కింద యూపీఎస్ కుయ్‌మంది. స్పీకర్లోంచి ఇంకో యూపీఎస్ కుయ్‌మంది. తర్వాత ఎవరిదో పెద్ద గొంతు, చాలా దగ్గరగా, "ఆయ్, కంగారు పడకండి బాబూ, జనరేటరు ఏసేత్తన్నాం!"

పెద్ద సబ్‌స్టేషన్లో ఏదైనా తేడా వస్తే కోనసీమ మొత్తానికి ఒక్కసారే కరెంటు పోతుంది. ఆ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఎంత పెద్ద సబ్‌స్టేషనైనా సముద్రం దాటి మస్కట్లో దీపం ఆర్పలేదు కదా.

"ఏవండీ" అంది హేమ. "మీరెక్కడున్నారు?"

ఉదయ్ తల దించుకున్నాడు. ఫ్యాన్లన్నీ ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో అటుపక్క వీధి మొత్తం స్పీకర్లోకి వచ్చేసింది. సైకిలు బెల్లు, ఎవరో ఎవర్నో పిలవడం, బస్సు హారను, ఆ హారను మీదుగా గొంతు చించుకుని ఒక కేక. "అమలాపురమో... అమలాపురం!"

"కంపెనీ మూసేశారు హేమా" అన్నాడు ఉదయ్, తల ఎత్తకుండానే. "చవితికి ముందే వచ్చేశాను. ఇక్కడో కొట్లో లెక్కలు చూస్తూ, సాయంత్రాలు ఈ నెట్ సెంటరుకి వస్తున్నాను. నాన్న మాట గుర్తుంది కదా నీకు. ఏమని రాను? ఈ బస్సు రోజూ నా కళ్ళ ముందు నుంచే పోతుంది. రోజూ లేచి నిలబడతాను. ఎక్కలేకపోతున్నాను."

కోపం రావాలి. వచ్చింది కూడా. ఇన్నాళ్ళు ఇంత దగ్గర్లో ఉండి, తనని ఏడిపించి! కానీ ఆ కోపం గడప దాకా కూడా రాకముందే హేమ చెయ్యి వెళ్ళి తెర మీద, అతని చెంప ఉన్నచోట ఆనింది. అద్దం వెచ్చగా ఉంది. సముద్రం అవతల ఉన్నాడనుకున్న మనిషి బస్సు దూరంలో ఉన్నాడు. వదిలేశాడనుకున్న మనిషి రోజూ లేచి నిలబడుతున్నాడు.

"ఏ ఊరండీ? ఊరి పేరు చెప్పండి. నేనొస్తాను" అంది గబగబా. యూపీఎస్ కూతలు దగ్గర దగ్గరవుతున్నాయి. "ముందు ఊరి పేరు చెప్పండి!"

ఉదయ్ తలెత్తాడు. పెదాలు కదిలాయి. యూపీఎస్ ఒక్క దీర్ఘం తీసి ఊరుకుంది. తెర ఆరిపోయింది.

చీకట్లో హేమ ఉత్త అద్దం మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. అమలాపురం బస్సు తిరగని ఊరు కోనసీమలో ఏది? ఎక్కడని వెతకడం?

"లే" అంది మాణిక్యం.

"ఊరి పేరు చెప్పనేలేదండీ అత్తయ్యగారూ..."

"వాడు చెప్పకపోతే ఏం. ఆ కేక వినలేదా? మధ్యాహ్నం నా చెవులు చిల్లులు పొడిచింది అదే గొంతు. వీర్రాజు. వాడలా బస్సు ఆపి అరిచేది కొత్తపేట బస్టాండులో ఒక్కచోటే, ఎళ్ళినప్పుడల్లా నేను వినే అరుపు. లేమ్మా, చెప్పులు తొడుక్కో. అటెళ్ళే బస్సు ఇంకా ఉంది."

హేమ తడుముకుంటూ లేచింది. అత్తగారి చెయ్యి చీకట్లో దొరికితే పట్టుకుంది. ఆ చెయ్యి జిడ్డుగా, వెచ్చగా ఉంది. రెండో చేతిలో నూనెగిన్నె అలాగే ఉంది.

వరండాలో మగ్గం చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. కరెంటు పోయినప్పుడు ఆగిందో, అంతకుముందే ఆగిందో. వీధి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లాంతరు వెలుగులో బంగారయ్య, ద్వారబంధానికి రెండు వైపులా చేతులానించి నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు.

హేమ కాళ్ళు ఆగిపోయాయి. అంతా విన్నాడు. వినకపోతే ఆ మొహం అలా ఉండదు. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన మాటకి ఎదురు చెప్పని మాణిక్యం, నూనెగిన్నె మీద అరచెయ్యి మూతపెట్టి, మొగుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"పిల్లాడి తలకి నూనె పెట్టొత్తాను" అంది. "అడ్డు తప్పుకోండి."

బంగారయ్య చేతులు ద్వారబంధం మీద నుంచి కదల్లేదు.